దూరయానపు మోటారుసైకిలు: కొన్నవారి తొలి యభిప్రాయములు



ఈ శీర్షిక క్రింద నింతవఱకు కుట్టుయంత్రము, రుబ్బుయంత్రము, బట్టలుతుకు యంత్రము మొదలగువానిని గూర్చి కొన్నవారు చెప్పిన మంచిచెడ్డలను వ్రాయుచు వచ్చితిమి. ఈ మాసము మోటారుసైకిలును గూర్చి వ్రాయబూనుట చూచి కొందఱు నవ్వుకొందురేమో! "అది మగవారి గొడవ, మనకేల?" యనువారును ఉందురు. కాని మూడులక్షల రూపాయలకు పైబడి వెచ్చించి యింటికి తెచ్చెడు వస్తువు ఒక్క మగవారి గొడవ యెట్లగును? ఆ మూడులక్షలు పుట్టింటివారు పెట్టిన నగలను కుదువబెట్టి తెచ్చినవి కావచ్చును. ఆడపిల్ల చదువునకని దాచినవి కావచ్చును. నెలనెల వాయిదా కట్టునప్పుడు తగ్గునది వంటింటి ఖర్చే గదా. మఱియు నా బండిని తమ సొంత సంపాదనతో కొని, తామే నడుపుకొనుచున్న స్త్రీలు కరీంనగరమునందును, ఆదిలాబాదు సీమయందును ఇప్పుడున్నారు. వారిలో కొందఱను అడిగి తెలిసికొన్న మాటలివి.

దూరయానపు బండి యన నేమో ముందు చెప్పవలెను. ఊరిలో తిరుగు బండికి చక్రములు చిన్నవి. నేలకును ఇంజనుకును నడుమ ఎడము తక్కువ. దూరయానపు బండికి ముందుచక్రము పెద్దది. గుంతలో దిగినను, రాతిపై నెక్కినను నడుము అదరకుండుటకై దాని స్ప్రింగులు ఎక్కువ దూరము సాగి ముడుగును. కూర్చున్నవారి వెన్ను నిటారుగ నుండును. పెట్రోలుతొట్టి పెద్దది. ఇరుప్రక్కల పెట్టెలు తగిలించుకొని నాలుగుదినముల బట్టలు సర్దుకొనవచ్చును. తారురోడ్డునను, మట్టిబాటను ఒక్కతీరుగ పోవలెనన్నదే దాని యుద్దేశము.

ఈ జాతి బండ్లకు పేరు వచ్చినది ఎడారి పందెములవలన. 1978వ సంవత్సరాంతమున పారిసు నగరమునుండి ఆఫ్రికాలోని డకారువఱకు మొదటి పందెము బయలుదేఱెను. 1980లో జర్మనీదేశపు బి.ఎం.డబ్ల్యు. కంపెనీవారు ఆర్ 80 జి/ఎస్ అను బండిని విడుదల చేసిరి. ఆ జి, ఎస్ అను రెండక్షరములకు వారి భాషలో బీడునేల యనియు, రహదారి యనియు అర్థము. మఱుసటి యేట ఆ కంపెనీవారే డకారు పందెమున గెలిచిరి. అప్పటినుండి లోకమంతట అన్ని కంపెనీలవారును ఇట్టి బండ్లు చేయసాగిరి. అయినను, ఎడారిని దాటిన ఘనత కేవలము పురుషులదే యనుకొనరాదు. అంతకు నలువదియైదేండ్లకు ముందే, 1934 డిసెంబరులో, థెరిసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ అను ఇద్దఱు ఆంగ్లయువతులు 600 సి.సి. పాంథరు మోటారుసైకిలుకు ప్రక్కబండియు, వెనుకబండియు తగిలించుకొని లండనునుండి బయలుదేఱి, సహారా ఎడారిని దాటి, 1935లో ఆఫ్రికా దక్షిణకొనయందలి కేపుటౌను చేరిరి. వారి త్రోవలో రోడ్డన్న మాటయే లేని చోట్లు పెక్కు. బండి చెడినచోట తామే విప్పి బాగుచేసికొనిరి.

ఇక మన బండి సంగతి. రాయల్ ఎన్‌ఫీల్డ్ అను కంపెనీ ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున పుట్టినది. 1955లో చెన్నపట్టణపు వర్తకులతో గలసి ఇచ్చట కాలూనినది. తరువాత నింగ్లండులోని మూలము ఎండిపోగా, ఇచ్చట నాటిన కొమ్మయే మానయ్యెను. వారు 2016లో హిమాలయన్ అను 411 సి.సి. బండిని తెచ్చిరి. 2023 నవంబరులో దానిని పూర్తిగ మార్చి, 452 సి.సి. ఇంజనుతో క్రొత్త హిమాలయన్‌ను విడుదల చేసిరి. పాతదానికి గాలియే చల్లదనము; క్రొత్తదానికి కారులకువలె నీటితో చల్లబఱచు ఏర్పాటు కలదు. శక్తి ఇంచుమించు నలువది గుఱ్ఱములది. పాతది ఇరువదినాలుగు గుఱ్ఱములదే. గేర్లు ఆఱు. తొట్టి 17 లీటర్లు పట్టును. నేలకును ఇంజనుకును నడుమ 230 మిల్లీమీటర్లు, అనగా తొమ్మిదంగుళముల ఎడము. ముందుచక్రము 21, వెనుకచక్రము 17 అంగుళములు. పెట్రోలుతో కూడ తూకము 196 కిలోలు. విడుదలనాటి అంగడి ధర రూ. 2,69,000 మొదలు. దీనిపై రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు వేఱు. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. దాటిన బండ్లకు జి.యస్.టి. పన్ను నూటికి 40 చొప్పున విధింపబడినది. అంతకుముందు సుంకముతో కూడ 31. కావున మూడులక్షలకు పైబడి యనుట అతిశయోక్తి కాదు.

ఈ అంకెలలో స్త్రీలు మొట్టమొదట చూడవలసినది ఇంజను కాదు, సీటు ఎత్తు. ఈ బండికి సీటు నేలనుండి 825 మిల్లీమీటర్లు. పొడుగరులకై 845కు లేపుకొనవచ్చును. వేఱుగ కొనుక్కొన్నచో 805 మిల్లీమీటర్ల పొట్టిసీటును దొరకును. అయిదడుగుల రెండంగుళముల స్త్రీకి 825 మీద కూర్చున్నచో మునివ్రేళ్లు మాత్రమే నేల నందును. బండి కదలుచున్నంతసేపు దానితో చిక్కులేదు. నిలిపినప్పుడే చిక్కు.

కరీంనగరములో ఒక ఉపాధ్యాయిని కలరు. వయస్సు ముప్పదియెనిమిది. పదునైదేండ్లుగ స్కూటరు నడుపుచున్నారు. నిరుడు ఈ బండిని తమ జీతముపై అప్పు తీసికొని కొనిరి. వారి యత్తగారు మూడుదినములు మాటలాడలేదట. నాలుగవనాడు బండికి పసుపుకుంకుమలు పెట్టి, చక్రముక్రింద నిమ్మకాయ నుంచి, "కొండగట్టు అంజన్నకు చూపిచ్చుకరా బిడ్డా" యని పంపిరట. ఆ మాటతో ఇంట తగవు తీఱినది.

ఆమె చెప్పిన తొలి యభిప్రాయము ఇది: "నడుపుచుండగా పడుదునేమో యని భయపడితిని. కాని నేను పడినది రెండుసారులును నిలిచియుండగానే. పెట్రోలుబంకు కడ ఒకసారి, మా వాకిట ఒకసారి. స్కూటరు నూఱుకిలోలకు కొంచెము ఎక్కువ. ప్రక్కకు ఒరిగినను కాలితో ఆపగలము. దీనిని ఆపబోయినచో కాలు విఱుగును. ఒరుగనిచ్చి తొలగిపోవుటయే మంచిది." పడినదానిని లేపు విధమును ఆమె చిత్రముగ వర్ణించిరి. బండికి ఎదురుగ నిలిచి లాగరాదు, నడుము పట్టును. ముందుగా ఇంజను నాపి, గేరులో వేసి, కుడివైపునకు పడియున్నచో ప్రక్కస్టాండును ముందే దించి పెట్టుకొనవలెను. ఎడమవైపునకు పడినచో అది బండిక్రిందనే యుండును గనుక, లేపుచు మఱల ఆవలకు పడనీయక పట్టుకొనవలెను. పిమ్మట సీటునకు వీపు ఆనించి, మోకాళ్లు వంచి కూర్చుండి, ఒకచేత హ్యాండిలును, మఱియొకచేత వెనుక కమ్మిని పట్టుకొని, వీపుతో త్రోయుచు చిన్నయడుగులతో వెనుకకు నడువవలెను. బలమంతయు తొడలది. నీళ్లబిందె చంకకెత్తుకొన్నవారికి ఈ మర్మము తెలియనిది కాదు.

ఆమె తరువాత పొట్టిసీటు వేయించుకొనిరి. ఇప్పుడు పాదము సగమువఱకు ఆనుచున్నది. అట్టి సీటును బండి కొనునాడే అడిగి పుచ్చుకొనుట మేలని వారి సలహా.

ఇంజనును గూర్చి ఆమె తీర్పు మిశ్రమముగా నున్నది. రహదారిపై నాఱవ గేరులో పోవునప్పుడు వదరు లేక, దడ లేక సాగునట. ఊరి రద్దీలో మాత్రము మెల్లగ పోవుచు పెద్దగేరులో నుంచినచో కుదుపునట. గేరు తఱచుగ తగ్గించుకొనవలసియుండును. పాత హిమాలయన్ ఎద్దువలె మెల్లగ లాగెడిది. ఇది గుఱ్ఱమువలె పరుగులోనే సుఖపడునది యని ఆమె పోలిక. లీటరుకు ఇరువదియెనిమిది, ముప్పది కిలోమీటర్లు వచ్చుచున్నదట. ఆ లెక్కన నిండుతొట్టితో కరీంనగరమునుండి ఆదిలాబాదు పోయి మరలి వచ్చినను పెట్రోలు మిగులును.

ఆమె మొదటి దూరయానము జగిత్యాల, ధర్మపురి మీదుగా రాయపట్నము వంతెనపై గోదావరి దాటి, లక్సెట్టిపేట, జన్నారము చేరి, అచ్చటినుండి కవ్వాల అడవిలో నుట్నూరు వఱకు. కవ్వాల 2012లో పులుల రక్షితారణ్యముగ ప్రకటింపబడినది. ఈ బండికి గుండ్రని చిన్న అద్దముపలక కలదు. చేతిఫోనును దానితో కలిపినచో గూగులు పటము అందులో కనబడి త్రోవ చూపును. అడవిలో ఫోనుకు సంకేతము తప్పగనే పటము నిలిచిపోయినది. ముందుగనే పటమును ఫోనులో దింపి యుంచుకొనవలెనట. ఆ సంగతి తరువాత తెలిసినది. అప్పటికి ఇప్పపూలు ఏఱుకొని గంపతో వచ్చుచున్న యొక గోండుస్త్రీ చేయి చాపి త్రోవ చూపి, "నీ వెంట మొగోళ్లెవరు లేరా?" యని యడిగి, లేరని తెలిసికొని, గుప్పెడు పూలు చేత పెట్టినదట.

"స్కూటరుపై పోవునప్పుడు నన్నెవ్వరును చూడరు. దీనిపై పోవునప్పుడు టీకొట్టు కడ ప్రతివారును తలయెత్తి చూతురు. మొదటి పదిదినములు బండి బరువుకంటె ఆ చూపులే బరువుగ తోచినవి" అని ఆమె చెప్పిరి. ఇప్పుడు తమ బడిలోని ఆడపిల్లలు బండిచుట్టు మూగి గేర్లెన్ని, బ్రేకులెట్లు పనిచేయునని యడుగుచున్నారట. తడిరోడ్డుపై గట్టిగ బ్రేకు వేసినను చక్రము బిగిసి జాఱకుండ చేయు ఏ.బి.యస్. అను ఏర్పాటును ఆమె పిల్లలకు నల్లబల్లపై బొమ్మ గీసి చెప్పిరి.

మంచిర్యాలనుండి వచ్చిన జాబు వేఱు రకమైనది. వ్రాసిన సోదరి బండి నడుపరు, వెనుక కూర్చుందురు. భర్త సింగరేణిలో ఉద్యోగి. బండి కొనుటకు ఆమె గాజులు నాలుగు బ్యాంకులో కుదువబడినవి. అయినను "బండి కొన్నవారి అభిప్రాయము" అని యడిగిన ప్రతివారును ఆమె భర్తనే యడిగిరట. గాజులు పోయినది నావి, నన్నెవ్వ రడిగిరి? యని ఆమె ప్రశ్న. ఆ ప్రశ్న న్యాయమైనది గనుక ఆమె మాటలను విడువక వ్రాయుచున్నాము.

వెనుకసీటు ముందుదానికంటె ఎత్తు. ప్రక్కపెట్టెలు తగిలించినచో కాలు మడిచి పైనుండి దాటించి ఎక్కవలెను. చీరతో అది పని కాదు. చీరతో ఒకప్రక్కకు కూర్చుండుట యన్న మాట ఈ బండిపై తలపెట్టనే కూడదు. ఆమె పంజాబీ దుస్తులు కుట్టించుకొని, చున్నీని నడుమునకు బిగించి ముడివేసికొనుచున్నారు. కూర్చున్న పిమ్మట మాత్రము సుఖముగ నున్నదనియు, గుంతలలో తన పాతబండి నడుమును విఱిచినట్లు ఇది విఱువలేదనియు, పట్టుకొనుటకు ఇనుపకమ్మి గట్టిగ నున్నదనియు ఒప్పుకొనిరి.

ఆమె తగవు చీరకాపును గూర్చి. వెనుకచక్రమునకు ఎడమవైపున వేయు ఆ యినుపజాలికి మనవారు సారీగార్డు అని పేరు పెట్టిరి. అది బండి అందమును చెఱచునని ఆమె భర్త ఊడదీయింపబోయిరట. చట్టము వేఱుగ చెప్పుచున్నది. 1989నాటి కేంద్ర మోటారువాహన నియమములలో 123వది ప్రకారము వెనుక కూర్చుండువారికి పట్టుకొను ఆధారము, కాళ్లు పెట్టుకొను మెట్లు, బట్టలు చుట్టుకొనకుండ వెనుకచక్రములో సగమునకు తగ్గక కప్పు రక్షణ, ఈ మూడును ప్రతి బండికిని ఉండవలెను. చున్నీకొన, చీరకొంగు చక్రములోనో గొలుసులోనో చిక్కినచో మెడకు ఉరి బిగిసినట్లగును. ఆలోచించుటకు వ్యవధి యుండదు. బండి అందమునకై దానిని ఊడదీయు భర్తలు ఒక్కసారి తామే చీర కట్టుకొని వెనుక కూర్చుండి చూడవలెనని మా యభిప్రాయము.

శిరస్త్రాణము కథ ఇంకను చోద్యము. భర్త తనకు ఏడువేల రూపాయల హెల్మెటు కొనుక్కొని, ఆమెకు రోడ్డుప్రక్క అమ్ము నాలుగువందల టోపీ తెచ్చిరి. వెనుక కూర్చున్నవారి తల తక్కువ గట్టిదని కాబోలు! మోటారువాహనముల చట్టము 129వ సెక్షను నడుపువారికిని, వెనుక కూర్చున్నవారికిని ఒక్కటే. నాలుగేండ్లు దాటిన ప్రతివారును హెల్మెటు పెట్టవలసినదే. ఐ.యస్.ఐ. ముద్రయు, ఐ.యస్. 4151 అను సంఖ్యయు లేని హెల్మెట్ల విక్రయము 2021 జూను 1 నుండి నిషేధింపబడినది. ఆమె ఆ టోపీని పూలకుండీగ పెట్టి, "ఏమండీ, నాకును మీవంటిదే వచ్చువఱకు నేను బండి యెక్కను" అని కూర్చుండిరి. ఇరువదిదినములు బండి ఒంటరిగనే తిరిగినది. తరువాత రెండవ హెల్మెటు వచ్చినది.

ఆ దంపతులు పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి ప్రాంతపు కేస్లాపూరు నాగోబా జాతరకు పోయిరి. దారిలో జన్నారమునొద్ద వారికి జ్ఞప్తికి వచ్చిన దేమనగా, మెస్రం వంశపు గోండులు ఆ జాతరకు గోదావరి జలమును ఆ ప్రాంతపు హస్తినమడుగునుండి కాలినడకన తెత్తురు. ఆ వంశమునకు క్రొత్తగ వచ్చిన కోడండ్రకు తెల్లచీరలతో ఆ జాతరలోనే దేవునితో భేటి జరుగును. నలువది గుఱ్ఱముల బండిపై రెండుగంటలలో పోవుచున్న తమకు, దినములకొలది నడచి వచ్చువారిని తలచుకొని కొంత సిగ్గు కలిగినదని ఆమె వ్రాసిరి. సిగ్గు పడవలసిన పనిలేదు గాని, జాతరలో బండి నుంచుటకు చోటు వెదకుట మాత్రము నడచుటకంటె కష్టమైనదట.

మూడవవారు ఉట్నూరు ప్రాంతమున పనిచేయు వైద్యురాలు, ఇంకను చిన్నవయస్సు. ఆమె హిమాలయన్‌ను చూచి, నడిపి, కొనక విడిచిరి. హీరో కంపెనీవారి ఎక్స్‌పల్స్ 200 కొనిరి. సీటు ఎత్తులో రెండును ఒకటే. కాని దీని తూకము సుమారు 160 కిలోలు, ధరయు చాల తక్కువ. "రహదారిపై నన్ను లారీలు దాటిపోవును, పోనిండు. వానకాలమున వాగునడుమ బండి పడినచో 196 కిలోలను నేనొక్కతెను లేపలేను. అచ్చట నాకు సాయము వచ్చువారు ఉండరు" అని ఆమె సమాధానము.

ఆదిలాబాదు కొండపల్లెల సంగతి తెలిసినవారికి ఇది తేలికమాట కాదు. శ్రావణభాద్రపదములలో వాగు పొంగినచో ఊరికిని ఆసుపత్రికిని సంబంధము తెగును. నొప్పులు పడుచున్న తల్లిని మంచముపై మోసికొని రావలసిన దినములు ఇంకను పోలేదు. అట్టిచోట బండి విహారమునకు కాదు. ఆమె వాగు దాటు పద్ధతి ఇది: ముందు బండి దిగి, కఱ్ఱ చేత బట్టి తానే నడచి లోతు చూచుకొనవలెను. నీరు పారుచు మోకాలు దాటినచో వెనుదిరుగవలెను. కల్వర్టుపై పొర్లు నీటిలో అడుగునున్న రోడ్డు కొట్టుకొనిపోయి యుండవచ్చును. దిగిన పిమ్మట చిన్నగేరులో ఒకేతీరుగ పోవలెను గాని నడుమ నాపరాదు. ఇంజను నీటిలో ఆగినచో మఱల స్టార్టు చేయరాదు. గాలి పీల్చు గొట్టమునుండి నీరు లోనికి పోయి యున్నచో లోపలి కడ్డీలు వంగిపోవును. దాటిన వెంటనే రెండుమూడు సారులు బ్రేకు నొక్కి తడి ఆర్చుకొనవలెను.

మార్లవాయి గ్రామము ఆమె తిరుగు సీమలోనిదే. 1940వ దశకమున హైమెన్‌డార్ఫ్ అను ఆస్ట్రియాదేశపు మానవశాస్త్రజ్ఞుడును, అతని భార్య బెట్టీయు ఆ గ్రామమున గోండులతో కలసి నివసించిరి. బెట్టీ 1987లో హైదరాబాదున మరణింపగా, ఆమె కోరికపై మార్లవాయిలోనే సమాధి చేసిరి. ఆ కాలమున అచ్చటికి ఎడ్లబండియో, నడకయో తప్ప వేఱుదారి లేదు. వైద్యురాలు అటు పోయినప్పుడెల్ల ఆ సమాధికడ బండి ఆపుదురట.

ఇట్టి బండ్లు మన స్త్రీల శక్తికి మించినవను వారికి ఒక్క సంగతి. 2018లో జై భారతి నాయకత్వమున తెలంగాణమునకు చెందిన నలుగురు స్త్రీలు హైదరాబాదునుండి మోటారుసైకిళ్లపై బయలుదేఱి మయన్మారు, థాయిలాండు, లావోసు, కంబోడియా, వియత్నాము దేశములు చూచి వచ్చిరి. తిరిగినది దాదాపు పదునేడువేల కిలోమీటర్లు. వారిలో నొకరైన పియా బహదూర్ ఆ యాత్రను ఇంగ్లీషున గ్రంథముగ వ్రాసిరి. జై భారతి ఇప్పుడు స్త్రీలకు బండి నేర్పు పనిని చేపట్టి యున్నారు.

చంటిబిడ్డతో ఇట్టి బండిపై పోవచ్చునా యని పెద్దపల్లినుండి ఒక తల్లి యడిగిరి. 2023 ఫిబ్రవరినుండి అమలులోనున్న నియమము ప్రకారము నాలుగేండ్లలోపు బిడ్డను నడుపువారికి పట్టీలతో కట్టి, బిడ్డ తలకు సరిపడు హెల్మెటు పెట్టి, గంటకు 40 కిలోమీటర్లకు మించక పోవలెను. చట్టము ఒప్పినను, బస్సున్నచోట బిడ్డను బస్సులోనే తీసికొనిపొమ్మని మేము చెప్పుదుము.

జగిత్యాల సోదరికి: మీ స్కూటరు లైసెన్సు గేర్లులేని బండికి మాత్రమే చెల్లును. గేర్లబండి నడుపుటకు వేఱుగ అనుమతి పొందవలెను. ముందు నేర్చుకొనువారి లైసెన్సు తీసికొనుడు. అది ఆఱునెలలు చెల్లును. ముప్పదిదినములు గడచిన పిమ్మట పరీక్షకు పోవచ్చును. పరీక్షకు హిమాలయన్‌తో పోకుడు. ఎవరిదైనను చిన్న గేర్లబండి అడిగి తీసికొనిపొండు. ఎనిమిది అంకె త్రిప్పుటకు అదియే సులువు.